మోటారు లేని బకెట్‌తో మొదలుపెట్టండి

మీరు అడిగింది ఇది: విజయవాడలో బాల్కనీ లేని డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్, హాల్లో తూర్పువైపు ఒక్క కిటికీ, మట్టి లేకుండా నీళ్లలో ఆకుకూరలు పెంచాలని ఉంది, 36 రంధ్రాల పైపుల కిట్ 14 వేలకు వస్తోంది, కొనమంటారా అని. వద్దండి. కొనకండి. కనీసం మొదటి ఏడాది కొనకండి.

నేను సరిగ్గా అలాంటి కిట్‌తోనే మొదలుపెట్టాను, 2024 జనవరిలో. అప్పుడు అజిత్‌సింగ్ నగర్‌లో ఒక మూడంతస్తుల ఇంట్లో రెండో అంతస్తు వాటాలో అద్దెకు ఉండేవాళ్లం. కింద 40 లీటర్ల తొట్టి, అందులో చిన్న మోటారు, అది నీళ్లను పైకి తోస్తే పైపుల్లో పలచగా పారుతూ వేర్లను తడిపి మళ్లీ తొట్టిలోకి పడతాయి. పైన ఎల్ఈడీ ట్యూబులు. చలికాలం కదా, సలాడ్‌లో వేసే లెట్యూస్ ఆకు ఎంత బాగా వచ్చిందో చెప్పలేను. మా ఆయన ఫోటోలు తీసి బంధువుల గ్రూపులో పెట్టారు, అందరూ అడ్రసులు అడిగారు. ఏప్రిల్ వచ్చేసరికి తొట్టిలో థర్మామీటర్ పెడితే 33 డిగ్రీలు. తెల్లగా ఉండాల్సిన వేర్లు గోధుమ రంగుకు తిరిగి జిగురు పట్టి వాసన కొట్టాయి. నీళ్లు వేడెక్కిన కొద్దీ అందులో ఆక్సిజన్ నిలవదు, 20 డిగ్రీల దగ్గర లీటరుకు 9 మిల్లీగ్రాములు పట్టేది 30 డిగ్రీలకు ఏడున్నరకు పడిపోతుంది, వేరు కుళ్లు తెగులుకు అదే అదను. ఈ ముక్క కిట్ అమ్మినవాళ్లు చెప్పలేదు. ఫోన్ చేస్తే మందు, అంటే నీళ్లలో కలిపే పోషక లవణాల డోసు పెంచమన్నారు. వాళ్ల మాట విని పెంచాను, మిగిలినవి కూడా మాడాయి. బెజవాడ ఎండల సంగతి తెలియని చోట తయారు చేసిన సలహా అది.

సరే, అసలు సంగతి ఆ ఏడాది ఆగస్టులో మొదలైంది. మళ్లీ పైపుల్లో పాలకూర, తోటకూర పెట్టాను. నారు ఎక్కువైంది. పారేయడానికి మనసొప్పక ఇంట్లో ఉన్న మూడు ప్లాస్టిక్ బకెట్లకు మూతలు పెట్టి, మూతకు రంధ్రాలు చేసి, అదే మందు నీళ్లు పోసి ఆ రంధ్రాల్లో తోటకూర నారు, పుదీనా కొమ్మలు నిలబెట్టాను. మోటారు లేదు, గాలి పంపు లేదు. కిటికీ పక్కన పెట్టి మర్చిపోయాను.

ఆగస్టు 31 శనివారం రోజంతా వాన. ఆదివారం, అంటే సెప్టెంబరు 1 పొద్దున్న లేచేసరికి వీధిలోకి బుడమేరు వాగు వచ్చేసింది. మధ్యాహ్నానికి కింది వాటాలో మంచాలు తేలుతున్నాయి. కింద ఉండే మామ్మగారిని, వాళ్ల మనవరాలిని మా ఇంటికి తెచ్చుకున్నాం. కరెంటు పోయింది. అంత గొడవలోనూ నాకు పైపుల మీదే ధ్యాస, ఎందుకంటే ఆ పద్ధతిలో మోటారు ఆగితే వేర్ల దగ్గర నీళ్లు మిగలవు, కొన్ని గంటల్లోనే ఎండిపోతాయి. చెంబు తీసుకుని తొట్టిలో నీళ్లు ముంచి గంటకోసారి పై పైపులో పోస్తూ కూర్చున్నాను. చీకటి పడ్డాక కొవ్వొత్తి పెట్టుకుని పోశాను. మా అత్తగారు చూసి, ఇంత నీళ్ల మధ్య కూర్చుని మొక్కలకు నీళ్లు పోయడమేంటమ్మా, పడుకో అన్నారు. రాత్రి రెండింటికి కునుకు పట్టింది. తెల్లారి చూస్తే పాలకూర మొత్తం పైపుల మీద వాలిపోయి ఉంది, తడిగుడ్డ పరిచినట్టు. ఎనిమిది నెలల కష్టం అనుకున్నాను, ఏడ్చాను కూడా.

బకెట్లలో తోటకూర మాత్రం నిటారుగా నిలబడి ఉంది. ఏమీ జరగనట్టే ఉంది.

అది ఎందుకు బతికిందో చెప్పాలి, మీకు కావాల్సింది ఇదే. బకెట్‌లో నీళ్లు మొక్క తాగే కొద్దీ మట్టం దిగుతుంది, మూతకూ నీళ్లకూ మధ్య ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీలో ఉండే పై వేర్లు గాలి పీల్చుకుంటాయి, కింది వేర్లు నీళ్లు తాగుతాయి. హవాయి విశ్వవిద్యాలయంలో పనిచేసిన క్రాట్కీ అనే శాస్త్రవేత్త పేరుతో దీన్ని క్రాట్కీ పద్ధతి అంటారు. దీనికి కరెంటుతో పనిలేదు. చాలామంది చేసే పొరపాటు ఒకటుంది, మట్టం తగ్గిందని కంగారుపడి మళ్లీ అంచుదాకా నింపేస్తారు. అప్పుడు గాలికి అలవాటుపడిన వేర్లు మునిగి మొక్క చచ్చిపోతుంది. నింపాల్సివస్తే సగానికి మించి పోయకండి.

ఇంకో మాట. మందు కలుపుకోవడానికని నేను ఎప్పుడూ రెండు 20 లీటర్ల మంచినీళ్ల క్యాన్లు ఇంట్లో ఉంచేదాన్ని. ఆ రెండు క్యాన్లే ఏడుగురం మొదటి రెండు రోజులు తాగాం. తొట్టిలో మందు కలిపిన నీళ్లు బాత్‌రూమ్‌కు వాడుకున్నాం. మూడో రోజు ఇంకా పడవలు మా వీధిదాకా రాలేదు, డ్రోన్లతో పక్క వీధిలో పొట్లాలు వేస్తున్నారని విన్నాం, గ్యాస్ ఉంది, కందిపప్పు ఉంది. మందు నీళ్ల కూర నేను తిననని ఏడాది మొదటినుంచీ భీష్మించుకున్న మా అత్తగారు స్వయంగా బకెట్ల దగ్గర కూర్చుని తోటకూర తుంచి పప్పులో వేశారు. మామ్మగారు రెండోసారి కలుపుకుంటూ, ఇది మట్టిలో పుట్టలేదంటే నమ్మనే తల్లీ అన్నారు. ఆ మందు అంటే ఏమిటో చాలామందికి అపోహ ఉంది. పురుగుమందు కాదు. నైట్రేట్లు, పొటాష్, కాల్షియం, మెగ్నీషియం వంటి లవణాలు, మొక్క మట్టిలోంచి తీసుకునేవీ అవే. ఇంట్లో పెంచిన ఆకుకూరకు పురుగుమందు కొట్టాల్సిన అవసరమే నాకు ఇంతవరకు రాలేదు.

ఇప్పుడు మీరేం చేయాలంటే, 10 లీటర్ల బకెట్లు మూతలతో రెండు తీసుకోండి. లోపలికి వెలుతురు పోకూడదు, పోతే వారంలో నాచు పడుతుంది, కాబట్టి పలచటి బకెట్ అయితే బయట నల్లరంగు వేసి దాని మీద తెల్లరంగు వేయండి, ఒట్టి నలుపైతే ఎండకు వేడెక్కుతుంది. మూత రంధ్రాల చుట్టూ సందు లేకుండా స్పాంజి బిగించండి, లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి. ఊరి మధ్యలోంచి మూడు కాలువలు పోతున్నాయి, మనకు దోమల సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. విత్తనాలు అంగుళం స్పాంజి ముక్కల్లో మొలిపించండి. రంధ్రంలో మొక్కను నిలబెట్టే జాలీ గిన్నెలు, అదే నెట్ పాట్లు, కొనక్కర్లేదు, డిస్పోజబుల్ గ్లాసుకు కాల్చిన మేకుతో బొక్కలు పెడితే సరిపోతుంది.

డబ్బు పెట్టాల్సింది రెండింటి మీద: నీళ్లలో కరిగిన లవణాలు లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో చూపే టీడీఎస్ మీటరు, పీహెచ్ అంటే నీళ్ల ఆమ్లత చూసే డ్రాప్స్ కిట్. మా బోరు నీళ్లు మీటరులో 1100 చూపించాయి, అంటే మందు వేయకముందే ఆకుకూర తట్టుకునే హద్దు దాటిపోయాయి. బోరు నీళ్లతో చేసి ఇది పనికిరాదని వదిలేసినవాళ్లు నాకు తెలిసే నలుగురు ఉన్నారు. కుళాయి నీళ్లో, ఫిల్టరు నీళ్లు కలిపినవో వాడండి. మందు కలిపాక మీటరు నారుకు 500, ఎదిగిన ఆకుకూరకు 800 నుంచి 900 దాకా చూపిస్తే చాలు. పీహెచ్ 5.5కూ 6.5కూ మధ్య ఉండాలి, అంతకన్నా పెరిగితే ఇనుము అందక కొత్త ఆకులు పసుపుపచ్చగా వస్తాయి.

మందు ఏ, బీ అని రెండు సీసాలుగా వస్తుంది. చిక్కటి మందులు రెండూ ఒకచోట కలపకండి, కాల్షియం గడ్డకట్టి తెల్లగా అడుగున దిగిపోతుంది, మొక్కకు అందదు. బకెట్ నీళ్లలో ఏ వేసి బాగా కలియబెట్టాక బీ వేయాలి. ఎరువుల కొట్లో మిర్చి రైతులు కొనే 19-19-19 (నత్రజని, భాస్వరం, పొటాష్ 19 శాతం చొప్పున) ప్యాకెట్ చవగ్గా వస్తుందని దాంతో సరిపెట్టుకోమనే సలహాలు వింటారు. అందులో కాల్షియం ఉండదు, నత్రజనిలో సగానికి పైగా యూరియా రూపంలో ఉంటుంది, మట్టిలో అయితే సూక్ష్మజీవులు దాన్ని మారుస్తాయి, మీ బకెట్‌లో మార్చేవాళ్లు లేరు.

లైటుకు ఊదారంగు గ్రో లైట్లు అక్కర్లేదు. మామూలు తెల్లటి 20 వాట్ల ఎల్ఈడీ ట్యూబు మొక్కలకు అడుగు ఎత్తున కట్టి రోజుకు 14 గంటలు వేస్తే నెలకు ఎనిమిదిన్నర యూనిట్లు కాలుతుంది, అంతే. మీ కిటికీ తూర్పుదే కాబట్టి ఒక్క ట్యూబు చాలు, అది లేకుండా మాత్రం మొక్కలు సన్నగా సాగిపోతాయి.

వీడియోల్లో చూసి అందరూ లెట్యూస్, స్ట్రాబెర్రీ అంటారు. నాకు దీని మీద నిజంగా కోపం. చల్లటి దేశాల పంటను మే నెలలో మన హాల్లో పెట్టి, రాలేదని బాధపడటం దేనికి? లెట్యూస్ మీద మరీ మనసుంటే నవంబరు నుంచి ఫిబ్రవరి లోపల కానివ్వండి. మిగతా ఏడాదంతా తోటకూర, బచ్చలి, గోంగూర, పుదీనా. తోటకూర నెల తిరక్కుండా కోతకు వస్తుంది, మన వేడి దానికి లెక్కే కాదు, ఇంట్లో అందరూ తింటారు కూడా.

మేం ఇప్పుడు పటమటకు మారాం. పైపులు అటక మీద ఉన్నాయి, హాల్లో తొమ్మిది బకెట్లున్నాయి. కింది వాటా మామ్మగారి కుండీలన్నీ ఒండ్రులో కప్పబడిపోతే, వెళ్లేముందు పుదీనా బకెట్ ఆవిడకు ఇచ్చి వచ్చాను.

మీరు కూడా పుదీనాతోనే మొదలుపెట్టండి, విత్తనం కోసం ఆగక్కర్లేదు. రైతు బజార్‌లో కట్ట కొని, ముదురు కాడలు నాలుగైదు ఏరి, కింది ఆకులు తీసేసి గ్లాసుడు మామూలు నీళ్లలో పెట్టండి. రెండు రోజులకోసారి నీళ్లు మార్చండి. వారం, పది రోజుల్లో తెల్లటి వేర్లు వస్తాయి. అవి అంగుళం దాటాక బకెట్‌లోకి మార్చి, మొదట టీడీఎస్ 500 దగ్గరే ఉంచండి.