అవగాహన సభకు ముందుగా పిల్లలను పిలవండి

మీ వీధివాళ్లంతా కలిసి గుండె జబ్బులు, పక్షవాతం గురించి అవగాహన సభ పెట్టాలనుకుంటున్నామని, ఎవరిని వక్తలుగా పిలవాలో, ఏయే విషయాలు చెప్పించాలో సూచించమని అడిగారు. వక్తల సంగతి తరువాత చూసుకోవచ్చు. ఎదురుగా ఎవరిని కూర్చోబెడుతున్నారన్నది నా దృష్టిలో అంతకన్నా పెద్ద ప్రశ్న. ఇటువంటి సభలకు సాధారణంగా బీపీ, షుగర్ ఉన్న పెద్దవాళ్లే వస్తారు, చెప్పేదంతా వాళ్లకే చెబుతారు. కానీ పక్షవాతం వచ్చిన మనిషికి తనకేం జరుగుతోందో తెలియకపోవచ్చు, తెలిసినా చెప్పడానికి మాట పెగలకపోవచ్చు. కాబట్టి నేర్పవలసింది రోగికన్నా ముందు రోగి ఇంట్లో వాళ్లకు, వాళ్లలోనూ మొదట పిల్లలకు అన్నది నా గట్టి అభిప్రాయం.

ఈ అభిప్రాయం మా పెదనాన్నగారి విషయంలో ఏర్పడింది. ఒక సెలవురోజు ఉదయం ఆయన చదువుతున్న పత్రిక చేతిలోంచి జారిపోయింది. తీయబోయి కుర్చీలోనే ఒక పక్కకు ఒరిగిపోయారు. మూతి కాస్త వంకర పోయింది, మాట ముద్దముద్దగా వస్తోంది. ఇంట్లో ఉన్న నలుగురు పెద్దవాళ్లూ చదువుకున్నవాళ్లే, పక్షవాతం అంటే ఏమిటో ఎరగనివాళ్లు కారు. అయినా ఒకరు రాత్రి నిద్ర చాలక వచ్చిన నీరసం అన్నారు, ఒకరు కాసేపు పడుకోబెడితే సర్దుకుంటుందన్నారు, ఒకరు మంచినీళ్లు పట్టబోయారు, మరొకరు బంధువుల్లో వైద్యం తెలిసినాయనకు ఫోన్ చేసి, ఆయన ఎత్తకపోతే ఇంకొకరికి చేశారు. అంబులెన్స్‌కు చేసిన ఫోన్ అన్నింటికన్నా ఆఖరిది.

నేను ఆసుపత్రికి చేరేసరికి అక్కడి వైద్యురాలు ఒకటే ప్రశ్న మళ్లీ మళ్లీ అడుగుతున్నారు: ఆయన పూర్తిగా మామూలుగా ఉండగా చివరిసారి ఎవరు చూశారు, ఎన్ని గంటలకు చూశారు? నలుగురూ నాలుగు సమయాలు చెప్పారు. ఇంట్లో ఒంటరిగా వదలలేక వెంట తెచ్చిన మనవరాలు అప్పుడు నోరు విప్పింది. తాను రోజూ చూసే కార్టూన్ మొదలయ్యేటప్పుడు టీవీ పెట్టింది తాతేనని, పక్కనే కూర్చుని అందులోని బొమ్మల పేర్లు కూడా చదివాడని, అది అయిపోయేసరికి పలకరిస్తే సరిగా పలకలేదని చెప్పింది. టీవీ కార్యక్రమానికి వేళ ఉంటుంది కనుక ఆ జవాబుతో లెక్క తేలిపోయింది. స్కాన్‌లో రక్తస్రావం కనిపించలేదు, గడ్డను కరిగించే మందు ఇచ్చారు. ఇప్పుడు పెదనాన్నగారు కర్ర సాయంతో నడుస్తున్నారు, మాట చాలావరకు తిరిగి వచ్చింది.

ఆ ప్రశ్న అంత ముఖ్యం కావడానికి కారణం ఉంది. పక్షవాతాలలో ఎక్కువ భాగం మెదడుకు వెళ్లే రక్తనాళంలో గడ్డ అడ్డుపడటం వల్ల వచ్చేవే. ఆ గడ్డను కరిగించే మందును సాధారణంగా నాలుగున్నర గంటల లోపలే ఇస్తారు, ఆ గడువును లక్షణాలు మన కంటపడినప్పటి నుంచి కాక, మనిషి బాగున్నట్టు చివరిసారి తెలిసిన సమయం నుంచి లెక్కిస్తారు. మొదట మూడు గంటలుగా ఉన్న ఈ గడువు 2008లో వచ్చిన పరిశోధన ఫలితాలతో పెరిగింది. పెద్ద రక్తనాళం మూసుకుపోయిన కొందరికి సన్నని గొట్టం పంపి గడ్డను బయటకు లాగే చికిత్స 24 గంటల వరకు కూడా చేస్తున్నారు. అలాగని వేచి ఉండవచ్చని కాదు, ఎందుకంటే చికిత్స అందని పెద్ద పక్షవాతంలో నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు నశిస్తాయని 2006లో ఒక అంచనా వెలువడింది.

పిల్లలకు నేర్పడం నా ఒక్కడి పిచ్చి కాదు. న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో డాక్టర్ ఒలాజిడే విలియమ్స్ పాటల ద్వారా, కార్టూన్ల ద్వారా బడిపిల్లలకు పక్షవాతం లక్షణాలు నేర్పే కార్యక్రమాన్ని ఏళ్ల తరబడి నడిపారు. పిల్లలకు మొహమాటం ఉండదు. తాత మూతి వంకరగా ఉందని మొహం మీదే అనేస్తారు, అది నీరసమా కాదా అని చర్చ పెట్టరు. కాబట్టి మీ సభలో ఉపన్యాసం తగ్గించి నాటకం ఆడించండి. ఒకరు రోగిగా కూర్చోవాలి, మరొకరు నవ్వమని అడిగి ముఖం చూడాలి, రెండు చేతులూ ఎత్తమని చూడాలి, ఒక వాక్యం పలికించాలి. ఏ ఒక్కటి తేడాగా ఉన్నా గడియారం చూసి సమయం రాయాలి, అంబులెన్స్‌కు ఫోన్ చేస్తున్నట్టు నటిస్తూ చిరునామా బయటకు చెప్పాలి. హఠాత్తుగా తూలిపోవడం, చూపు పోవడం కూడా లక్షణాలేనని కలపండి. మింగే శక్తి పోయి ఉండవచ్చు కనుక నీళ్లు పట్టకూడదని, మెదడులో రక్తస్రావమేమో స్కాన్ లేకుండా తెలియదు కనుక ఇంట్లో ఆస్పిరిన్ వేయకూడదని మాత్రం పెద్దవాళ్లకు విడిగా, గట్టిగా చెప్పాలి. పది నిమిషాల్లో లక్షణాలు వాటంతటవే తగ్గిపోయినా ఆసుపత్రికి వెళ్లవలసిందే, ఎందుకంటే అసలు దాడి వచ్చే ప్రమాదం ఆ తరువాతి రెండు రోజుల్లోనే ఎక్కువ.

ఇక ప్రపంచ పక్షవాత దినమని అక్టోబర్ 29న ఒకే రంగు చొక్కాలు వేసుకుని నడిచి, బ్యానర్ పట్టుకుని ఫొటోలు దిగి వెళ్లిపోయే పద్ధతి మీద నాకు ఏమాత్రం గౌరవం లేదు. పక్షవాతం వస్తే వేలి కొసలు సూదితో గుచ్చి రక్తం తీయాలని, గుండెపోటు వస్తే గట్టిగా దగ్గుతూ ఉండాలని ఫోన్లలో తిరిగే సందేశాలను ఆ చొక్కాల వాళ్లే మరునాడు అందరికీ పంపుతారు. రెండూ అబద్ధమని, అలా చేస్తే సమయం పోవడం తప్ప ఒరిగేది లేదని సభలో చెప్పించండి. మనిషి కుప్పకూలి, స్పృహ లేక, ఊపిరి ఆడకపోతే మాత్రం అంబులెన్స్‌ను పిలిచి, ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కడం బొమ్మ మీద చేయించి నేర్పాలి.

బీపీ శిబిరాల మీద కూడా నాకు ఫిర్యాదు ఉంది. వరుసలో నిలబెట్టి, మాట్లాడిస్తూనే పట్టీ చుట్టి, ఏదో అంకె రాసి పంపిస్తారు. మనిషిని అయిదు నిమిషాలు వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనేలా కూర్చోబెట్టి, చేయి గుండె ఎత్తున ఉంచి, మాట్లాడనివ్వకుండా చూస్తేనే ఆ అంకెకు విలువ. లాస్ ఏంజెలెస్‌లోని క్షౌరశాలల్లో జరిగిన పరిశోధన 2018లో వెలువడింది. అక్కడ మంగలివాళ్లు నచ్చజెబితే, ఫార్మసిస్టులు అక్కడికే వచ్చి బీపీ చూసి మందులు సరిచేశారు. పై అంకె సగటున 27 దాకా తగ్గింది, కేవలం సలహా ఇచ్చి వైద్యుడి దగ్గరకు వెళ్లమన్న చోట 9 మాత్రమే. అంటే చూసి వదిలేయడం కాదు, వెంటపడటం ముఖ్యం. మీ శిబిరంలో 140/90 దాటినవారి జాబితా ఎవరి దగ్గర ఉంటుందో, వారం తిరిగేలోగా వారి ఇంటికి వెళ్లి మళ్లీ చూసేది ఎవరో, వక్తను పిలవడానికి ముందే తేల్చుకోండి.