సంఘం నుంచి ‘వెలివేయడ’మా, ‘తొలగించడ’మా?

సందేహం: మా క్రైస్తవ సంఘ (చర్చి) సభ్యులొకరు ఘోరమైన తప్పులో కొనసాగుతుండగా పెద్దలు విడతలవారీగా మాట్లాడినా ఆయన మారలేదు. ‘పలుమార్లు గద్దించినను విననందున సంఘము నుండి వెలివేయడమైనది’ అని నోటీసు రాశాము. ‘వెలివేయడం’ కూడదని యువకులు, అది బైబిలు వాక్యంలోని మాటేనని పెద్దలు అంటున్నారు. ఏది సరి?
– ఒక సంఘ కార్యదర్శి, మర్రిపాలెం, విశాఖపట్నం

సమాధానం: పెద్దల మాటకు ఆధారం ఉంది. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 5వ అధ్యాయం ‘ఆ దుర్మార్గుని మీలోనుండి వెలివేయుడి’ అనే ముగుస్తుంది కనుక దానిని తప్పు ప్రయోగమనలేము. అయితే తెలుగునేల మీద ఆ మాటకు వేరే చరిత్ర ఉంది. వెలి అంటే నిప్పూ నీళ్లూ ఇవ్వకపోవడం, పెళ్లికీ చావుకీ గడప తొక్కకపోవడం. 1881లో వితంతు వివాహం జరిపించిన వీరేశలింగం గారి పక్షం వారికి సనాతనులు విధించినది అదే. పైగా, తాతముత్తాతలు వెలివాడల్లో బతికిన కుటుంబాలు ఎన్నో ఉన్న మన సంఘాల్లో ఆ మాట ఒకరి తప్పుకు పడిన శిక్షగా ఆగక, అందరి పుట్టుకనూ తాకుతుంది. ‘సంఘ బహిష్కరణ’ అనడం ఇంకా చిక్కు. ‘సంఘసంస్కర్త’ అన్నప్పుడు సంఘమంటే సమాజమే కనుక, దానిని సాంఘిక బహిష్కరణగా చదివే ప్రమాదముంది. షెడ్యూల్డు కులాల, తెగల వారిపై ఇతరులు అటువంటిది అమలు చేస్తే 2015 సవరణ తరువాత అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం.

మీరు అనుసరించిన క్రమం మత్తయి సువార్త 18వ అధ్యాయంలోనిది. ముందు ఒంటరిగా, తరువాత ఒకరిద్దరితో, ఆపైన సంఘం ఎదుట మాట్లాడాలి, వింటే ‘నీ సహోదరుని సంపాదించుకొంటివి’ అన్నదే అక్కడి ఫలితం. సంఘం మాట కూడా విననివానిని ‘అన్యునిగాను సుంకరిగాను’ ఎంచుకోమన్నారు. సుంకరి ఇంటిపేరు గలవారు నొచ్చుకోనక్కరలేదు, సుంకం వసూలుచేసే వాడని అర్థం. ఆ సుంకరులతోనే యేసు భోజనానికి కూర్చున్నాడు గనుక, సభ్యుడిగా ఎంచకపోవడమూ, మాట్లాడడమే మానేయడమూ ఒకటి కావు. ‘వెలి’ ఈ తేడాను చెరిపేస్తుంది.

‘గద్దించు’ విషయంలో నాకు మరింత అభ్యంతరం ఉంది. మత్తయి మూలంలోని గ్రీకు క్రియకు తప్పును తేటపరచి ఒప్పించడమనే అర్థం ఉండగా, నేటి వాడుకలో గద్దించడమంటే గొంతు పెంచి అదలించడమే. ‘హెచ్చరించు’ అందామంటే, ‘వృద్ధుని గద్దింపక తండ్రిగా భావించి అతని హెచ్చరించుము’ అన్నచోట మెత్తగా ఉన్న ఆ మాట ఇప్పుడు పోలీసుల నోట కటువెక్కింది. ‘తప్పు తెలియజెప్పినా’ అంటే చాలు.

ఇక నోటీసు. మీరు నిజంగా ఆపినది ప్రభువు బల్లనే (రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆచరణనే) అయితే ‘ప్రభువు బల్లలో పాలుపొందకుండా నిలిపివేశాము’ అనీ, పేరు కొట్టివేస్తే ‘సంఘ సభ్యత్వం నుంచి తొలగించాము’ అనీ విడివిడిగా రాయండి. ‘తొలగించడమైనది’ అన్నప్పుడు తొలగించింది ఎవరో కనబడరు. నిర్ణయం సంఘానిదైతే క్రియలోనూ సంఘమే కనబడాలి. తప్పు వివరం నోటీసుకు ఎక్కనక్కరలేదు. రేపు ఆయన మారి వస్తే ‘సభ్యత్వాన్ని పునరుద్ధరించడమైనది’ అని కరెంటు సరఫరా ప్రకటనలా రాయకుండా, ‘తిరిగి చేర్చుకున్నాము’ అనండి.