హేగ్‌లో అమీను లేడు

అమ్మడూ, ఆశీస్సులు.

ఎల్‌ఎల్‌ఎంలో అంతర్జాతీయ కోర్టుల సంస్కరణ మీద థీసిస్ రాస్తానన్నావు. చాలా సంతోషం. ముప్పై ఐదేళ్లు ప్లీడరుగా కోర్టుల చుట్టూ తిరిగినవాణ్ని, నాకు తోచింది రాస్తున్నాను.

ముందు రెండు కోర్టులనూ కలిపేయకు. అంతర్జాతీయ న్యాయస్థానం దేశాల మధ్య తగాదాలు తీరుస్తుంది. అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు మనుషుల్ని బోనెక్కిస్తుంది. రెండూ ఉండేది హేగ్‌లోనే, రెండింటికీ ఉన్న జబ్బు కూడా ఒకటే. మన సివిల్ కోర్టులో డిక్రీ వచ్చాక దాన్ని అమలు చేయించమని ఈపీ (ఎగ్జిక్యూషన్ పిటిషన్) వేస్తాం, కోర్టు అమీను వెళ్లి జప్తు చేస్తాడు. హేగ్‌లో అమీను లేడు. 1986లో నికరాగువా అమెరికా మీద గెలిచింది. అమలు చేయించమని భద్రతా మండలికి వెళితే, అమెరికాయే వీటో వేసింది.

వీటో తీసేయాలని అందరూ రాస్తారు, నువ్వూ రాయి. కానీ ఐరాస చార్టర్ సవరణకు భద్రతా మండలిలో వీటో ఉన్న ఆ ఐదు శాశ్వత దేశాలూ ఒప్పుకోవాలి. అందుకని థీసిస్ బరువంతా దాని మీద పెట్టకు.

నీ శ్రమ ఆయా దేశాల సొంత చట్టాల మీద పెట్టు. సుడాన్ అధ్యక్షుడు బషీర్ మీద క్రిమినల్ కోర్టు 2009లో వారంట్ ఇచ్చింది. 2015లో ఆయన దక్షిణాఫ్రికా వెళితే, దేశం దాటనివ్వొద్దని అక్కడి హైకోర్టు ఆదేశించింది. అయినా విమానమెక్కి వెళ్లిపోయాడు. అలా వదిలేయడం చట్టవిరుద్ధమని మరుసటి ఏడాది అక్కడి అప్పీలు కోర్టే తేల్చింది. క్రిమినల్ కోర్టును ఏర్పాటు చేసిన ఒప్పందమైన రోమ్ శాసనాన్ని అమలు చేసే సొంత చట్టం ఆ దేశానికి 2002 నుంచే ఉండబట్టి ఆ మాత్రమైనా జరిగింది. ఫిలిప్పీన్స్ 2019లో ఆ కోర్టు సభ్యత్వం వదులుకుంది. అయినా 2025 మార్చిలో అక్కడి పోలీసులే మాజీ అధ్యక్షుడు డుటెర్టేను పట్టుకుని హేగ్‌కు పంపారు. అందుకు ఆధారంగా చూపింది 2009లో వాళ్లు చేసుకున్న చట్టాన్నే.

మన సంగతి చూడు. జాతి నిర్మూలన ఒప్పందాన్ని 1959లోనే ఆమోదించాం. జాతి నిర్మూలనను నేరంగా చెప్పే సెక్షన్ మాత్రం మన చట్టంలో ఇప్పటికీ లేదు. 1984 సిక్కుల ఊచకోత కేసులో 2018లో ఢిల్లీ హైకోర్టు ఈ లోటును వేలెత్తి చూపింది. ఆ తీర్పు తప్పకుండా చదువు. చదివిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. 2024లో ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది, అందులోనూ ఆ నేరానికి చోటు దొరకలేదు.

రోమ్ శాసనంలో మనం ఎందుకు చేరలేదో కూడా ఓపికగా చదువు. కోర్టులో చేరని దేశాలు భద్రతా మండలిలో కూర్చుని ఇతరుల్ని కోర్టుకు పంపడం ఏం న్యాయమని మన దేశం అడిగింది. ఆ ప్రశ్న సరైనదే. అది సరైనదైనంత మాత్రాన మన చట్టంలో ఆ ఖాళీ అలాగే ఉండనక్కర్లేదు.

థీసిస్ చివర ఒక బిల్లు ముసాయిదా కూడా పెట్టు. నిర్వచనం, శిక్ష, సాక్షుల రక్షణ, అన్నీ సెక్షన్లవారీగా రాయి. సాక్షుల రక్షణ దగ్గర తొందరపడకు, భయపడి ఎదురు తిరిగిన సాక్షుల్ని నేను చాలామందిని చూశాను. దసరాలోపు మొదటి డ్రాఫ్టు పంపు, ఎర్ర పెన్నుతో దిద్ది పంపుతాను.

మీ మావయ్య