3000 పెట్టావా, 2850 తిరిగిందా?

ప్రశ్న: నమస్కారం మాస్టారూ. మా ల్యాబ్‌లోని సెంట్రిఫ్యూగల్ పంపు మీద ప్రాజెక్టు చేస్తున్నాను. సెకనుకు 10 లీటర్ల దగ్గర కంప్యూటర్ సిమ్యులేషన్ 32 మీటర్ల హెడ్ (పంపు నీటికిచ్చే శక్తి, ఎత్తు లెక్కలో) చూపిస్తోంది. ప్రెషర్ గేజీల తేడా లెక్కేస్తే 27 మీటర్లే వస్తోంది. టూ పోల్ మోటారు కాబట్టి స్పీడు నిమిషానికి 3000 చుట్లు ఇచ్చాను. నీరు లోపలికొచ్చే సక్షన్ పైపు వ్యాసం 80, బయటికెళ్లే డెలివరీ పైపుది 65 మిల్లీమీటర్లు. డెలివరీ గేజీ సక్షన్ గేజీ కంటే అర మీటరు పైన ఉంది. రివ్యూ దగ్గరపడింది, టెన్షన్‌గా ఉంది. దేన్ని నమ్మాలి? లోపలి నీటిని కంటితో చూసే దారి ఉందా?
– ఇంజినీరింగ్ విద్యార్థిని, గాజువాక

జవాబు: ముందు టాకోమీటరు (తిరిగే వేగం కొలిచే సాధనం) పట్టుకుని మోటారు దగ్గరికి వెళ్లమ్మా. 3000 అనేది మన 50 హెర్ట్జ్ కరెంటుకు మోటారులో అయస్కాంత క్షేత్రం తిరిగే వేగం. ఇండక్షన్ మోటారు షాఫ్టు దాన్ని అందుకోదు. లోడు మీద చిన్న మోటార్లు 2850 దరిదాపుల్లో తిరుగుతాయి. హెడ్ వేగం వర్గాన్ని బట్టి మారుతుంది కనుక, నీ 32 అక్కడే 28.9కి దిగిపోతుంది. ప్రవాహం కూడా 9.5 లీటర్లకు తగ్గుతుంది. అందుకని ఊరికే గుణించి వదిలేయకు. కొలిచిన స్పీడుతో, 10 లీటర్ల దగ్గరే మళ్లీ రన్ చెయ్యి.

గేజీల ఎత్తు తేడా అర మీటరు కలిపావా? డెలివరీలో నీటి వేగం సెకనుకు 2 నుంచి 3 మీటర్లకు పెరుగుతుంది, దానికి ఇంకో పావు మీటరు. 27 కాస్తా 28కి దగ్గరవుతుంది. మిగిలిన తేడాకు వేర్ రింగ్ సందు, అంటే ఇంపెల్లర్‌కీ (లోపల తిరిగే చక్రం) కేసింగ్‌కీ మధ్య సన్నని సందు, చూడు. కొంత నీరు అందులోంచి వెనక్కి జారి మళ్లీ ఇంపెల్లర్‌లోకే వస్తుంది. ఆ సందును మోడల్‌లో గీశావా?

సక్షన్ వైపు ఎల్బో (పైపు వంపు) ఉంటే అదీ గీయాలి. నేను ఇక్కడే ఒక పంప్ హౌస్‌లో పనిచేసినప్పుడు సముద్రపు నీటి పంపు ఒకటి గులకరాళ్లు మింగినట్టు మోగేది. రెండుసార్లు బేరింగులు మార్చాం, మోత పోలేదు. సక్షన్ ముఖానికి ఆనుకునే ఎల్బో ఉంది, నీరు ఒక పక్కకు తోసుకుంటూ లోపలికి పోతోంది. మధ్యలో వ్యాసానికి ఐదింతల తిన్నని పైపు వేశాక ఆ మోత తగ్గింది. నీటిని సమానంగా లోపలికి పంపిన సిమ్యులేషన్‌కి ఈ సంగతి ఎన్నటికీ తెలియదు.

కంటితో చూసే దారి ఉంది. అక్రిలిక్ కేసింగ్ చేసి, నీటిలో 10 మైక్రాన్ల గాజు పూసలు కలిపి, పలచని లేజర్ తెర వేసి, వెంటవెంటనే రెండు ఫోటోలు తీస్తారు. పూస ఎంత జరిగిందో చూస్తే వేగం తెలుస్తుంది. కాంతిని ఎంత వంచుతుందో చెప్పే వక్రీభవన గుణకం అక్రిలిక్‌కి 1.49, నీటికి 1.33. వంపుల దగ్గర బొమ్మ వంకరపోతుంది. అందుకని నీటికి బదులు, గుణకం అక్రిలిక్‌తో సరిపోయేలా కలిపిన సోడియం అయొడైడ్ ద్రావణం వాడతారు. అది మీ ల్యాబ్‌కి మించిన ఖర్చు. నువ్వు కేసింగ్ చుట్టూ ఆరేడు చోట్ల ప్రెషర్ ట్యాపులు (ప్రెషర్ కొలిచే చిన్న రంధ్రాలు) పెట్టించు. హెడ్ ఒక్కటే కలిస్తే నేను ఒప్పుకోను, రెండు తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకున్నా అది కలుస్తుంది. చుట్టూ ఉన్న ప్రెషర్లు కలిస్తే నీ మోడల్‌ని నమ్ముతాను. టాకోమీటరు రీడింగు రాగానే నాకు రాయి.