హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు వాడేవారికి అరికాళ్లలో మంటలు: మందు మానేయాలా?

మీ అన్నయ్యగారు హెచ్‌ఐవీకి రెండేళ్లుగా టీఎల్‌డీ మాత్ర (మూడు మందులు కలిపిన ఒకే మాత్ర) వేసుకుంటున్నారని, మూడు నెలలుగా రాత్రిళ్లు అరికాళ్లు మండుతున్నందున దాన్ని మానేస్తానంటున్నారని రాశారు. దయచేసి ఒక్క పూట కూడా మాననివ్వకండి.

నేను 2006 నుంచి ఏఆర్‌టీ మీద ఉన్నాను. అప్పట్లో ప్రభుత్వ కేంద్రాల్లో ఇచ్చే మందుల్లో స్టావుడిన్ అనేది ఒకటి ఉండేది. ఏడాది తిరగకుండానే నా కాలివేళ్ల చివర మొదలైన తిమ్మిరి చీలమండల దాకా పాకింది. రాత్రి దుప్పటి అంచు తగిలితే నిప్పు అంటుకున్నట్టుండేది. పగలేమో నడుస్తుండగా చెప్పు జారిపోయినా తెలిసేది కాదు, వెనక వచ్చేవారెవరో పిలిచి చెబితే గాని చూసుకునేదాన్ని కాదు. నీరసమనుకుని బలం మాత్రలు మింగుతూ ఎనిమిది నెలలు ఎవరికీ చెప్పలేదు. చివరికి డాక్టరుగారు ట్యూనింగ్ ఫోర్క్ (కొడితే అదిరే లోహపు పనిముట్టు) మోగించి బొటనవేలి మీద ఆనించినప్పుడు ఇనుము ఒత్తిడి తెలిసింది గాని, అదురు తెలియలేదు. స్టావుడిన్ ఆపి జిడోవుడిన్ ఇచ్చారు. ఆ తరువాత కూడా కొన్ని వారాలు మంట పెరిగి, మెల్లగా తగ్గింది. వేళ్ల మొద్దుదనం మాత్రం ఈ రోజుకీ పోలేదు, ఆ ఎనిమిది నెలల మౌనమే అందుకు కారణమని నా నమ్మకం.

స్టావుడిన్ నరాల్లోని మైటోకాండ్రియాను, అంటే కణాలకు శక్తినిచ్చే భాగాలను, దెబ్బతీస్తుంది. దాన్ని క్రమంగా ఆపేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో సూచించింది. మీ అన్నయ్యగారి మాత్రలో ఉన్న టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ నరాలను అలా దెబ్బతీసే రకం కావు కనుక, కారణం వేరేచోట వెతకాలి. టీబీ రాకుండా ఐసోనియాజిడ్ ఇచ్చారేమో, దానితోపాటు బి6 మాత్ర కూడా వేసుకుంటున్నారో లేదో ముందుగా అడగండి, ఎందుకంటే ఐసోనియాజిడ్ శరీరంలో బి6ను తగ్గించి సరిగ్గా ఇలాంటి మంటలే తెప్పించగలదు. షుగరు, బి12 లోపం, మద్యం అలవాటు కూడా చూడాలి. ఇవేవీ కాకపోతే హెచ్‌ఐవీయే నరాలను దెబ్బతీసి ఉండవచ్చు, ముఖ్యంగా సీడీ4 (రోగనిరోధక కణాల లెక్క) ఒకప్పుడు బాగా పడిపోయినవారిలో. అప్పుడు మందు మానడమంటే జబ్బుకు దారి వదలడమే.

నరాల మంటకు నాకు రాత్రిపూట ఇచ్చిన అమిట్రిప్టిలిన్ అనే మాత్ర వల్ల నిద్ర పట్టింది గాని, స్పర్శ తిరిగి రాలేదు. స్పర్శ తగ్గిన కాళ్లకు వేడినీళ్ల కాపడం పెట్టవద్దు, బొబ్బలెక్కినా తెలియదు. పడుకునే ముందు అరికాళ్లను మీరే వెలుతురులో చూడండి. మందులు తెచ్చుకునే తేదీ దాకా ఆగకుండా, ఇంట్లో ఉన్న మాత్రల అట్టలన్నీ ఒక సంచిలో వేసుకుని ఈ వారమే ఏఆర్‌టీ కేంద్రానికి తీసుకువెళ్లండి.