అద్దె గ్రౌండు, అప్పుల క్లబ్బు: మీ ప్రశ్నలకి మా జవాబులు

ఇంగ్లండ్‌లో కోవెంట్రీ సిటీ అనే ఫుట్‌బాల్ క్లబ్బు ఇరవై ఏళ్ళు అద్దె స్టేడియంలో ఆడి, ఓనర్లతో కొట్లాడి, మధ్యలో రెండుసార్లు ఊరు వదిలి, చివరికి 2025 ఆగస్టులో ఆ స్టేడియంనే కొనేసింది. పోయిన సంచికలో దీని మీద రెండు లైన్లే రాశాం, దానికే ఇన్ని ఉత్తరాలొస్తాయని మేం అనుకోలేదు, వైజాగ్‌లో ఇంతమంది ఫుట్‌బాల్ చూస్తారా అని ఆఫీసులో కూడా అందరూ నోరెళ్ళబెట్టారు. సరే, ఈసారి పేజీ మొత్తం దానికే.

సార్, అంత పెద్ద క్లబ్బుకి సొంత గ్రౌండ్ లేకపోవడం ఏటి సార్? మా ఊళ్ళో హైస్కూల్‌కి కూడా ఉంది కదా. (డిగ్రీ స్టూడెంట్, గాజువాక)

ఉండేది తమ్ముడూ, అమ్మేసుకున్నారు. హైఫీల్డ్ రోడ్ అని, 1899 నుంచి అక్కడే ఆడేవాళ్ళు. 1967 నుంచి 2001 దాకా, అంటే 34 ఏళ్ళు, టాప్ డివిజన్ నుంచి కిందికి దిగలేదు, 1987లో టోటెన్‌హామ్‌ని 3-2తో కొట్టి ఎఫ్.ఏ. కప్ కూడా ఎత్తారు. ఇంకేం, ఊపు మీదున్నాం కదా పెద్ద స్టేడియం కట్టుకుందాం అనుకున్నారు, అనుకోవడం తప్పేం కాదు గానీ కొత్తదానికి పునాది కూడా పడకముందే పాత గ్రౌండ్‌ని బిల్డర్లకి అమ్మేసి, అమ్మిన గ్రౌండ్‌లోనే అద్దెకి ఆడటం మొదలెట్టారు. ఈలోపు 2001లో రెలిగేట్ అయ్యారు, అంటే కింది డివిజన్‌కి పడిపోయారు, ప్రీమియర్ లీగ్ టీవీ డబ్బులు ఆగిపోయాయి, ప్లేయర్ల జీతాలు ఆగవు కదా, అప్పు మీద అప్పు. కొత్త స్టేడియం కంపెనీలో క్లబ్బుకి సగం వాటా ఉండేది, దాన్ని కూడా ఒక చారిటీ ట్రస్టుకి అమ్మి ఆ పూట గడుపుకున్నారు. మిగతా సగం సిటీ కౌన్సిల్‌ది, అంటే మనకి జీవీఎంసీ ఎలాగో అలాగ. అలా 2005లో 32 వేల సీట్ల రికో అరీనా తెరిచేసరికి, ఎవరి కోసం కట్టారో వాళ్ళే అందులో అద్దెకి దిగారు.

అద్దె ఏటా 12, 13 లక్షల పౌండ్లు, అప్పటి రేటుకి మన డబ్బుల్లో పది కోట్ల పైమాటే. అది ఎక్కువే, కానీ నన్నడిగితే అసలు దెబ్బ అద్దెలో లేదు. మనం పెళ్ళికి ఫంక్షన్ హాల్ తీసుకుంటే కొన్నిచోట్ల వంటవాళ్ళు మావాళ్ళే, డెకరేషన్ మావాళ్ళే, పార్కింగ్ మాదే అంటారు చూడండి, ఇదీ అంతే. మ్యాచ్‌కి జనాన్ని తెచ్చేది క్లబ్బు, వాళ్ళు తిన్న స్నాక్స్, తాగిన బీరు, కార్ పార్కింగ్ టికెట్టు, వీటి మీద వచ్చే డబ్బు దాదాపు మొత్తం స్టేడియం కంపెనీకి. పక్క క్లబ్బులన్నీ ఆ డబ్బుతోనే ప్లేయర్లని కొనుక్కుంటుంటే వీళ్ళకి టికెట్ డబ్బులు తప్ప ఇంకోటి లేదు, అందులోంచి మళ్ళీ అద్దె.

అద్దె కట్టకపోవడం తప్పు కదండీ. మాకూ ఓ పోర్షన్ అద్దెకుంది, రెండు నెలలు కట్టకపోతే మాకే ప్రాణం మీదికొస్తుంది. మీరేమో ఓనర్‌దే తప్పన్నట్టు రాశారు. (గృహిణి, ఎంవీపీ కాలనీ)

అలా అనిపిస్తే మేం సరిగ్గా రాయలేదనే అర్థం అమ్మా, మీతో నూటికి తొంభై పాళ్ళు ఏకీభవిస్తాను. 2007 డిసెంబర్‌లో దివాలా గుమ్మం దాకా వెళ్ళిన క్లబ్బుని లండన్‌కి చెందిన సిసు అనే హెడ్జ్ ఫండ్, అంటే డబ్బున్నవాళ్ళ పెట్టుబడులు తిప్పే కంపెనీ, కొంది. 2012లో టీమ్ మూడో డివిజన్‌కి పడిపోయింది, ఆ ఏప్రిల్ నుంచి అద్దె కట్టడం మానేశారు. డబ్బు లేక మానేయడం వేరు, ఓనర్‌ని లొంగదీసుకోడానికి మానేయడం వేరు, ఇది రెండోదే అని అవతలివాళ్ళ వాదన, నాకూ అదే నమ్మాలనిపిస్తుంది. స్టేడియం కంపెనీ అద్దెని నాలుగు లక్షల పౌండ్లకి దించుతామన్నా బేరం తెగలేదు. ఆ కంపెనీకి కూడా బ్యాంకు అప్పుంది, కిరాయిదారు కట్టకపోతే వాళ్ళూ మునుగుతారు, అందుకని 2013 జనవరిలో కౌన్సిల్ జనం డబ్బులోంచి 1.44 కోట్ల పౌండ్లు అప్పిచ్చి కంపెనీని నిలబెట్టింది. దాని మీద సిసు కోర్టుకెళ్ళింది, ఓడింది, అప్పీలుకెళ్ళింది, మళ్ళీ ఓడింది, ఇలా ఏళ్ళ తరబడి లాయర్లు బాగుపడ్డారు.

మిగతా పది పాళ్ళు ఎందుకు ఉంచుకున్నానంటే, 2014లో కౌన్సిల్ చేసిన పని వల్ల. అది కింద ఇంకో ప్రశ్నలో వస్తుంది.

గొడవ ఓనర్లకీ ఓనర్లకీ అయితే టీమ్‌కి పాయింట్లు ఎందుకు కోశారు బ్రో? గోల్స్ కొట్టేవాళ్ళేం చేశారు? (అక్కయ్యపాలెం)

రూల్ అంతే. క్లబ్బు అడ్మినిస్ట్రేషన్‌కి వెళ్తే, అంటే మన దగ్గర అప్పుల్లో మునిగిన కంపెనీ దివాలా కేసులు చూసే ఎన్‌సీఎల్‌టీకి వెళ్ళడం లాంటిది, అప్పట్లో పది పాయింట్లు కోత, ఇప్పుడు పన్నెండు. అప్పులు ఎగ్గొట్టి ఆ డబ్బుతో మంచి ప్లేయర్లని పెట్టుకుని పక్కోడి మీద గెలిస్తే అన్యాయం కదా అని పెట్టారు. కోవెంట్రీకి 2013 మార్చిలో ఒక పది పోయాయి. తర్వాత అప్పులవాళ్ళంతా కలిసి ఒక సెటిల్‌మెంట్ ఒప్పుకోవాలి, అందులో స్టేడియం కంపెనీ కూడా ఉంది, వాళ్ళు కుదరదన్నారు, ఆగస్టులో ఇంకో పది. సీజన్ మొదట్లోనే మైనస్ పదితో ఆడారు పాపం.

ఢిల్లీ క్యాపిటల్స్ వాళ్ళు 2024లో, 2025లో మన పీఎం పాలెం స్టేడియంలో హోమ్ మ్యాచ్‌లు ఆడారు, మేమే ఢిల్లీ ఢిల్లీ అని అరిచాం. ఎవరికీ ఏ బాధా లేదు. కోవెంట్రీ వాళ్ళు పక్కూర్లో ఆడితే ఇంత ఏడుపెందుకు? (సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మధురవాడ)

మంచి ప్రశ్న, దీనికి మా కాలమ్‌లో ఇంకో పేజీ ఇచ్చినా చాలదు. ఢిల్లీయే ఎందుకు, 2016లో మహారాష్ట్రలో కరువొచ్చి, నీళ్ళ గొడవ కోర్టు దాకా వెళ్ళి మ్యాచ్‌లు బయటికి పంపేస్తే ముంబై, పుణె రెండూ వైజాగ్‌నే హోమ్ అన్నాయి. మనకి పండగే. ఐపీఎల్ రెండు నెలల తిరునాళ్ళు, ఎక్కడ పెడితే అక్కడ జనం వస్తారు. అక్కడి ఫుట్‌బాల్ అలా కాదు, ఏడాదిలో తొమ్మిది పది నెలలు, శనివారం మధ్యాహ్నం అయ్యేసరికి తాత, తండ్రి, మనవడు అదే గేటు, అదే సీటు, పక్క సీటువాడి పెళ్ళికి కూడా వెళ్ళుంటారు.

అద్దె గొడవ తెగక 2013-14 సీజన్ మొత్తం కోవెంట్రీ వాళ్ళు తమ హోమ్ మ్యాచ్‌లు నార్తాంప్టన్‌లో ఆడారు, దాదాపు 35 మైళ్ళు, మనకి విజయనగరం ఎంతో అంత. అక్కడ సిక్స్‌ఫీల్డ్స్ అనే చిన్న గ్రౌండు, ఏడెనిమిది వేలకి మించి పట్టదు, అదీ నిండలేదు, సగటున రెండు వేల చిల్లర. మరి మిగతావాళ్ళు ఏమయ్యారు అంటే, కొంతమంది అసలు మానేశారు, కొంతమంది అక్కడి దాకా వెళ్ళి లోపలికి మాత్రం వెళ్ళలేదు. గ్రౌండ్ పక్కనే ఒక గడ్డి గట్టుంది, దాని మీద నిలబడితే లోపల పిచ్‌లో కొంత భాగం కనిపిస్తుంది. క్లబ్బు ఓనర్ సిసు చేతిలో ఒక్క పౌండ్ కూడా పెట్టం అని ఒట్టేసుకున్నవాళ్ళంతా ఆ గట్టెక్కి, వానలో గొడుగులేసుకుని, కనిపించినంత మేర చూసి, గోల్ పడితే లోపలివాళ్ళ అరుపుని బట్టి ఎవరు కొట్టారో లెక్కేసుకుని ఇంటికెళ్ళేవాళ్ళు. ఆ గట్టుకి జిమ్మీస్ హిల్ అని పేరెట్టుకున్నారు, 1960ల్లో క్లబ్బుని పైకి తెచ్చిన మేనేజర్ జిమ్మీ హిల్ పేరు మీద. కడుపు మంటలో కూడా ఆ వెటకారం చూడండి, మన జాలరిపేట కుర్రాళ్ళకి తీసిపోరు.

2014 సెప్టెంబర్ 5న సొంతూరు తిరిగొస్తే జిలింగామ్‌తో మ్యాచ్‌కి 27 వేల పైచిలుకు వచ్చారు. మూడో డివిజన్ మ్యాచ్‌కి! టీమ్ అదే, డివిజన్ అదే, ఊరు మారింది అంతే.

మొత్తానికి గెలిచేది ఓనరే కదా? ఎక్కడైనా అంతే. (పెందుర్తి)

అక్కడే పప్పులో కాలేశారు సార్. జనం తిరిగొచ్చి నెల తిరిగిందో లేదో, 2014 అక్టోబర్‌లో కౌన్సిల్ తన సగం వాటాని వాస్ప్స్ అనే రగ్బీ క్లబ్బుకి అమ్మేసింది, వెనకే ట్రస్టు వాటా కూడా వాళ్ళకే. వాళ్ళది అసలు ఆ ఊరే కాదు, లండన్ క్లబ్బు, అప్పటికి హై వికమ్‌లో అద్దెకి ఆడుతున్నారు. ఇంకో 250 ఏళ్ళ లీజు వాళ్ళ చేతికెళ్ళింది. ఊరి టీమ్ అద్దె ఇంట్లో, బయట్నుంచి వచ్చినవాడు ఇంటి ఓనరు. సిసు మీద కోపం ఉండొచ్చు, ఆ కోపంలో ఊరి ఆస్తిని ఊరి టీమ్‌కి దక్కకుండా చేశారు, నా పది పాళ్ళు ఇందుకే. సిసు మళ్ళీ కేసులు, కేసులు మానితేనే అద్దెకిస్తాం అని వాస్ప్స్, తెగలేదు, 2019 నుంచి రెండు సీజన్లు మళ్ళీ వలస, ఈసారి బర్మింగ్‌హామ్. తమాషా ఏంటంటే ఆ వలసలో ఉన్నప్పుడే 2020లో మూడో డివిజన్ చాంపియన్లయ్యారు.

మరి వాస్ప్స్ బాగుపడిందా అంటే, అదీ లేదు. 2015లో 6.5 శాతం వడ్డీకి బాండ్లు అమ్మి మూడున్నర కోట్ల పౌండ్లు తెచ్చారు, కొనుక్కున్నవాళ్ళలో ఫ్యాన్స్ కూడా ఉన్నారు, 2022లో తిరిగివ్వాల్సి వస్తే చేతిలో లేవు, అక్టోబర్‌లో దివాలా. ఫుట్‌బాల్ క్లబ్బు ఉసురు తగిలిందని కోవెంట్రీలో అనుకునుంటారు. అప్పుడు మైక్ ఆష్లీ అనే బ్రిటిష్ వ్యాపారికి చెందిన ఫ్రేజర్స్ గ్రూప్ స్టేడియంని 1.7 కోట్ల పౌండ్లకి కొంది, కొన్న నెలలోపే క్లబ్బుకి ఖాళీ చేయమని నోటీస్! తర్వాత మాట్లాడుకుని సర్దుకున్నారు గానీ, సీజన్ మధ్యలో సామాన్లు సర్దుకోమంటే ఎలా ఉంటుందో అద్దెకున్న ప్రతివాడికీ తెలుసు.

కిరాయిదారు గెలిచిన కేసు కావాలంటే లండన్‌లో వెస్ట్ హామ్ ఉంది. 2012 ఒలింపిక్స్ స్టేడియం, 2016 నుంచి 99 ఏళ్ళకి లీజు, మొదట్లో ఏటా 25 లక్షల పౌండ్ల దగ్గర అద్దె. అథ్లెటిక్స్‌కీ ఫుట్‌బాల్‌కీ మధ్య సీట్లు ముందుకీ వెనక్కీ జరపడానికే లక్షల పౌండ్లు, ఆ ఖర్చు ప్రభుత్వ ఖజానా మీద. అక్కడ ఏడ్చేది ఓనరే.

మన తెలుగు క్లబ్బుల సంగతేంటి? వైజాగ్‌కి ఒక టీమ్ వస్తుందన్నారు, ఏమైంది? (రైల్వే ఉద్యోగి, దొండపర్తి)

వచ్చినట్టే వచ్చి చెయ్యిజారింది. 2020లో ఐ-లీగ్‌కి వైజాగ్ పేరు మీద బిడ్ గెలిచింది శ్రీనిధి, కానీ ఆడటం మొదలయ్యేసరికి శ్రీనిధి డెక్కన్ అయ్యింది, తర్వాత హైదరాబాద్ దగ్గర సొంత గ్రౌండ్‌లో దిగింది. 2022-23, 2023-24 రెండు సీజన్లూ రెండో ప్లేస్. మనకి బాధే గానీ వాళ్ళ వైపు నుంచి చూస్తే చిన్నదైనా సొంత గ్రౌండు చూసుకోవడం తెలివైన పని. ఇటు హైదరాబాద్ ఎఫ్‌సీ చూడండి, 2019లో పుట్టి 2022 మార్చిలో కేరళ మీద పెనాల్టీల్లో గెలిచి ఐఎస్ఎల్ చాంపియన్, రెండేళ్ళు తిరగకముందే జీతాల బకాయిలు, కొత్త ప్లేయర్లని తీసుకోకుండా ఫిఫా ట్రాన్స్‌ఫర్ బ్యాన్, ఫారిన్ ప్లేయర్లు బ్యాగులు సర్దుకున్నారు, కొత్త ఓనర్లొచ్చారు, 2025లో టీమ్ ఢిల్లీకి వెళ్ళిపోయి పేరు కూడా మార్చేసుకుంది. గచ్చిబౌలిలో జెర్సీ కొనుక్కున్న పిల్లలు ఇప్పుడు దాన్ని ఇంట్లో నైట్ డ్రెస్‌లా వేసుకుంటున్నారట.

మేం పన్నెండు మందిమి కలిసి టర్ఫ్ స్లాట్ నెలవారీ తీసుకుని ఆడుతున్నాం. అడ్వాన్స్ ఇచ్చాం, నోటిమాటే. ఇప్పుడు ఓనర్ ఆదివారం రేటు పెంచేశాడు, బయట నుంచి వాటర్ బాటిల్ తేకూడదంటున్నాడు. ఏం చెయ్యాలి అన్నా? (కంచరపాలెం)

చూశారా, వాటర్ బాటిల్ దగ్గరే మొదలవుతుంది. ముందు ఒకటి తెలుసుకోండి, మీకు ఆ గ్రౌండ్ మీద లీజు లేదు, ఫలానా టైంలో ఆడుకోడానికి పర్మిషన్ మాత్రమే ఉంది, కాబట్టి అద్దెకున్నవాడికుండే రక్షణలు మీకు వస్తాయని ధీమాగా ఉండకండి. అడ్వాన్స్ ఎలా ఇచ్చారు? ఫోన్‌పేలో అయితే ఆ స్క్రీన్‌షాట్, వాట్సాప్‌లో రేటు మాట్లాడుకున్న మెసేజ్‌లు అన్నీ తీసి పెట్టుకోండి, క్యాష్ అయితే ఇప్పుడే ఒక మెసేజ్ పెట్టండి, "ఫలానా తారీకున ఇంత అడ్వాన్స్ ఇచ్చాం కదా అన్నా" అని, వాడు ఊఁ అన్నా చాలు. తర్వాత గొడవ పడకుండా వెళ్ళి కూర్చుని స్టాంప్ పేపర్ మీద ఒక పేజీ రాయించుకోండి: స్లాట్ టైం, రేటు, ఎన్నాళ్ళ దాకా పెంచకూడదు, వాన పడితే డబ్బు వెనక్కా ఇంకో రోజా, అడ్వాన్స్ ఎప్పుడు తిరిగిస్తాడు, నీళ్ళు తెచ్చుకోవచ్చా లేదా. రేపు పొద్దున్న మీరే పెద్ద క్లబ్బై స్థలం లీజుకి తీసుకుంటే, మన ఆంధ్రాలో లీజు ఎన్నాళ్ళదైనా రిజిస్టర్ చేయించాలి, అందరూ 11 నెలలకి రాసి ఊరుకుంటారు గానీ ఆ లెక్క ఇక్కడ చెల్లదు, పైగా ఆ 11 నెలలు అయ్యాక రెన్యువల్ ఎవరి చేతిలో ఉందో చూసుకోండి. మరీ మొండికేస్తే ఆ నెల డబ్బు ఆపడం మాత్రం చెయ్యకండి, కట్టి అడగండి. ఆపారంటే తప్పు మీవైపు తిరుగుతుంది, స్లాట్ వేరే బ్యాచ్‌కి ఇచ్చేస్తాడు, ఆదివారం మీరు గోడ మీద కూర్చుని చూడాలి.

ఫ్యాన్సే గ్రౌండ్ కొనేసుకుంటే ఈ తలనొప్పులు ఉండవు కదా బాబూ? (రిటైర్డ్ స్టీల్‌ప్లాంట్ ఉద్యోగి, ఉక్కునగరం)

కొన్నారండి, అదీ చెల్సీ వాళ్ళు. స్టాంఫర్డ్ బ్రిడ్జ్ స్థలం మీద బిల్డర్లు కన్నేసి క్లబ్బుని గెంటేయబోయారు, ఏళ్ళ తరబడి గొడవ, అది తేలాక 1993లో చెల్సీ పిచ్ ఓనర్స్ అని ఒక కంపెనీ పెట్టి ఫ్యాన్స్‌కి షేర్లు అమ్మారు. ఇప్పటికీ ఆ స్థలం వాళ్ళదే, క్లబ్బు వేరేచోటికి వెళ్ళాలంటే చెల్సీ ఫుట్‌బాల్ క్లబ్ అనే పేరు కూడా వాళ్ళ ఒప్పుకోలు లేకుండా పట్టుకెళ్ళలేదు. 2011లో అప్పటి క్లబ్బు ఓనర్, రష్యా కుబేరుడు అబ్రమోవిచ్ అంతటివాడు స్థలం తిరిగిచ్చేయండి కొనుక్కుంటాను అన్నాడు, 75 శాతం ఓట్లు కావాలి, 61 దగ్గర ఆగిపోయింది. క్లబ్బుని ప్రీమియర్ లీగ్ గెలిపించినందుకు దండం పెట్టారు, స్థలం మాత్రం ఇవ్వలేదు.