ఓ గ్రూప్ రక్తం అందరికీ ఎక్కించొచ్చు అంటారు, మరి అందులో ఉండే యాంటీబాడీల సంగతేంటి?

మీకు వచ్చిన డౌట్ కరెక్టేనండి. ఓ గ్రూప్ వాళ్ళ ప్లాస్మాలో, అంటే రక్తంలోని ద్రవ భాగంలో, యాంటీ-ఏ, యాంటీ-బీ అనే యాంటీబాడీలు రెండూ ఉంటాయి, అవి 'ఏ' గ్రూప్ మనిషి ఒంట్లోకి ఎక్కువగా వెళ్తే వాళ్ళ ఎర్ర కణాలు పగిలిపోతాయి. ఓ వాళ్ళు అందరికీ ఇవ్వొచ్చు అనే మాట ఎర్ర కణాల వరకే, అదీ ఓ నెగెటివ్ అయితేనే.

నేను హైదరాబాద్‌లో బ్లడ్ బ్యాంక్ టెక్నీషియన్‌ని. మీరిచ్చిన 350 ఎంఎల్ బ్యాగ్‌ని ఇప్పుడు చాలా చోట్ల ఉన్నదున్నట్టు ఎక్కించరు. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే ఎర్ర కణాలు కిందకి దిగి పైన లేత పసుపు రంగు ప్లాస్మా తేలుతుంది, బ్యాగ్‌ని ప్రెస్‌లో పెట్టి ఆ ప్లాస్మాని ట్యూబ్ గుండా పక్క బ్యాగ్‌లోకి పంపేస్తాం. యాంటీబాడీలు ఉండేది ఆ ప్లాస్మాలోనే. కింద ఉండిపోయే ఎర్ర కణాల్నే ప్యాక్డ్ సెల్స్ అంటాం, వాటిలో మిగిలే ప్లాస్మా కొంచెమే, పెద్దవాళ్ళ ఒంట్లోకి వెళ్ళాక అది పలచబడిపోతుంది కాబట్టి ఎమర్జెన్సీలో ఓ ప్యాక్డ్ సెల్స్ ఇవ్వగలుగుతున్నారు. టైమ్ ఉంటే మాత్రం క్రాస్‌మ్యాచ్ చేసి, అంటే పేషెంట్ రక్తంతో కలిపి పడుతుందో లేదో చూసి, సేమ్ గ్రూపే ఇస్తాం.

అసలు చిక్కు ప్లేట్‌లెట్స్ దగ్గర. డెంగ్యూ సీజన్‌లో ప్రతి ఏడాదీ ఇదే గొడవ, పేషెంట్ ఏ పాజిటివ్, ఫ్రెండ్స్ అంతా కలిసి ఒక ఓ పాజిటివ్ అబ్బాయిని తీసుకొస్తారు, "ఓ అయితే ఎవరికైనా సరిపోతుంది కదా అన్నా, తొందరగా తియ్యండి" అని. కానీ ఎస్‌డీపీ, అంటే ఒకే డోనర్ నుంచి తీసిన ప్లేట్‌లెట్స్, బ్యాగ్‌లో ప్లేట్‌లెట్స్ తేలేదే ప్లాస్మాలో, 200 ఎంఎల్ పైనే ఉంటుంది, అది మొత్తం పేషెంట్‌కి వెళ్తుంది. అందుకే మా డాక్టర్ గారు ముందు 'ఏ' గ్రూప్ వాళ్ళు గానీ 'ఏబీ' వాళ్ళు గానీ దొరుకుతారేమో చూడమంటారు, ఎవరూ దొరక్కపోతే ఓ డోనర్ టైటర్ చూసి, అంటే యాంటీబాడీ బలం ఎంతుందో చూసి, తక్కువుంటేనే ఒప్పుకుంటారు. ప్లాస్మా విషయంలో అందరికీ పనికొచ్చేది ఏబీ వాళ్ళది, వాళ్ళలో ఆ రెండు యాంటీబాడీలూ ఉండవు. ఈ సంగతి చెప్తే చాలామంది నమ్మరు, మేం కావాలని తిప్పుతున్నాం అనుకుంటారు, ఐసీయూ బయట ఆ టెన్షన్‌లో వాళ్ళని తప్పు పట్టలేం కూడా.

ఇంకోటి, గ్రూప్‌తో సంబంధం లేని యాంటీబాడీలు కూడా ఉంటాయి. కాన్పులైన ఆడవాళ్ళలో కొందరికి బిడ్డకి తండ్రి వైపు నుంచి వచ్చిన తెల్ల కణాల మార్కర్ల మీద యాంటీబాడీలు తయారవుతాయి. వాళ్ళకి దాంతో ఏ ఇబ్బందీ ఉండదు, కానీ ఆ ప్లాస్మా ఎక్కినవాళ్ళకి అరుదుగా కొన్ని గంటల్లోనే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది, దాన్నే ట్రాలీ అంటారు. బ్రిటన్‌లో 2003 నుంచి ప్లాస్మాకి మగ డోనర్లనే ఎక్కువగా తీసుకోవడానికి కారణం ఇదే. అలాగని ఆడవాళ్ళు రక్తం ఇవ్వకూడదని కాదు, దయచేసి ఇవ్వండి, ప్యాక్డ్ సెల్స్‌కి చక్కగా పనికొస్తుంది. ఫారంలో ప్రెగ్నెన్సీల గురించి అడిగినచోట, అబార్షన్ అయినా సరే, దాచకుండా రాయండి.

పేషెంట్ తరఫున వెళ్తే ఇంతకుముందు రక్తం ఎక్కించారా, కాన్పులయ్యాయా అన్నది శాంపిల్‌తో పాటే చెప్పండి. ఎక్కిస్తున్నప్పుడు వణుకు, నడుం నొప్పి, ఆయాసం, మూత్రం ముదురు రంగులో రావడం లాంటివి ఏది కనిపించినా బ్యాగ్ అయ్యేదాకా ఆగకండి, వెంటనే సిస్టర్‌ని పిలిచి ఆపించండి.